లేచి నిలబడే శక్తి దయాధర్మం కాదు

ఏటా జూన్ 21వ తేదీన మన కార్యాలయాల ఆవరణలలో ఒక తంతు జరుగుతుంది. 2015లో ఇది మొదలైంది. తెల్లవారుజామునే తివాచీలు పరుస్తారు. అధికారులు తెల్లని దుస్తులు ధరించి ముందు వరుసలో ఆసీనులవుతారు. వెనుక వరుసలు నింపే నిమిత్తం రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోవలసిన ఉద్యోగులను ఆపి కూర్చోబెడతారు. ఫోటోలు తీస్తారు. ఎండ పైకి రాకముందే తివాచీలు చుట్టివేస్తారు. తిరిగి వచ్చే జూన్ వరకు ఉద్యోగి శరీరం ఏమైపోతున్నదో అడిగే నాథుడు ఉండడు.

యోగాభ్యాసం పట్ల మాకు ఎట్టి విరోధమూ లేదు. మన సభ్యులలో నిత్యం చేసేవారు ఎందరో ఉన్నారు; వారికి మేలే జరుగుతున్నది. మేము నిరసిస్తున్నది ఆ ఒక్క పూట ప్రదర్శనను చూపి, మిగిలిన ఏడాది బాధ్యతనుండి తప్పించుకునే యాజమాన్య వైఖరిని.

మేము ఇక్కడ చర్చిస్తున్నది కండలు పెంచడం గురించి కాదు. కుర్చీలోనుండి చేతుల ఊతం లేకుండా లేవడం, నేలమీద కూర్చుని తిరిగి లేవడం, మరుగుదొడ్డిలో గొంతు కూర్చోవడం, బోగీ మెట్లు ఎక్కి దిగడం, తడి గచ్చుమీద జారకుండా నడవడం, బిందెడు నీళ్ళు పెరటినుండి వంటింటికి మోయడం - ఇవీ మా విషయాలు. ఇవి చేతనైనంత కాలం ఎవరూ వీటిని గుర్తించరు. చేతగాని నాడు మనిషి తన ఇంట్లోనే పరాధీనుడౌతాడు. పోయిందనుకున్న ఈ శక్తిని క్రమమైన వ్యాయామ శిక్షణ ద్వారా చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు, ఉన్నదానిని నిలుపుకోవచ్చు. ఆ శిక్షణ ఇప్పించవలసిన బాధ్యత, ముప్పై నలభై ఏళ్ళపాటు ఆ శరీరంతో పని చేయించుకున్న యాజమాన్యానిది. దీనిని మేము సేవా నిబంధనలలో ఒక హక్కుగా అడుగుతున్నాము.

ఇది చిన్న విషయమని తలచేవారికి ఒక లెక్క చెబుతాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వలన మరణిస్తున్నారు. ప్రమాదవశాత్తూ సంభవించే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం వీటిదే. ఈ మరణాలలో 80 శాతానికి పైగా మనవంటి అల్ప, మధ్య ఆదాయ దేశాలలోనే జరుగుతున్నాయి. ప్రాణాంతకమైన పడిపోవడాలు ఎక్కువగా అరవై దాటినవారికే జరుగుతున్నాయి. అరవై! మనకు పదవీ విరమణ పూలదండ వేసి పంపించే వయస్సు అదే.

ప్రతి నవంబరులో పెన్షనరు తాను జీవించి ఉన్నట్లు ధ్రువపత్రం దాఖలు చేయాలి. ఇంటికే వచ్చి ఆ పని పూర్తిచేసే ఏర్పాటును 2020 నుండి పోస్టుమాన్‌లకు అప్పగించారు. మంచి ఏర్పాటే. అయితే ఆ పని చేస్తున్న మన తపాలా సోదరులను అడిగి చూడండి, ఎన్ని ఇళ్ళలో పెన్షనరు గుమ్మందాకా రాలేకపోతున్నాడో, ఎన్ని ఇళ్ళలో మంచం దగ్గరికే యంత్రాన్ని తీసుకుపోవలసి వస్తున్నదో చెబుతారు. మనిషి బ్రతికి ఉన్నాడా లేదా అన్నదే ప్రభుత్వానికి కావాలి. లేచి నిలబడగలడా అన్న ప్రశ్నకు ఆ ఫారంలో గడి లేదు.

ఈ డిమాండు వినగానే అధికారులు ఇచ్చే మొదటి సమాధానం మాకు కంఠస్థమే. “మీవాళ్ళకు వ్యాయామం దేనికండీ? వారి పనే వ్యాయామం కదా!” అంటారు. ఎయిర్ కండిషన్ గదిలోనుండి చూస్తే గాంగు పని వ్యాయామంగానే కనిపిస్తుంది కాబోలు. ఒక్కొక్క కాంక్రీటు స్లీపరు 250 కిలోల పైమాట. కంకరమీద రోజూ మైళ్ళకొద్దీ నడిచే కీమాన్ భుజాన స్పానరు, సుత్తి ఉంటాయి. మండుటెండలో నడుము వంచి పనిచేసే ట్రాక్‌మన్ నలభై అయిదేళ్ళకే నడుము పట్టుకుని లేస్తున్నాడు. ఇది వ్యాయామ ఫలమైతే, ఆ వ్యాయామం అధికారులే చేసి చూపవచ్చును.

చదువుకున్న అధికారులు కొందరు మరొక అడుగు ముందుకు వేసి లండన్ ఉదాహరణ చెబుతారు. అది మన పాఠకులకు ప్రత్యేకంగా తెలియవలసిన విషయమే. జెరెమీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు 1953లో లండన్ బస్సుల ఉద్యోగులను పరిశీలించారు. రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్లకంటె, రెండంతస్తుల బస్సులో మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా ఉన్నది. తపాలా శాఖలోనూ అదే తేలింది. బల్లల దగ్గర కూర్చునే గుమాస్తాలకంటె, ఉత్తరాలు పంచుతూ తిరిగే పోస్టుమాన్‌లకు గుండె పదిలంగా ఉన్నది. శరీరశ్రమ గుండెను కాపాడుతుందని శాస్త్రలోకం గ్రహించడానికి దారితీసిన పరిశోధనలలో ఇది ముఖ్యమైనది. దానికి ఆధారభూతులైనవారు తపాలా, రవాణా కార్మికులు కావడం మనకు గర్వకారణమే.

కాని అక్కడితో కథ ఆగలేదు. అనేక దేశాల పరిశోధనలను కలిపి లెక్కించి 2018లో ప్రకటించిన ఒక సమీక్ష ప్రకారం, ఉద్యోగంలో అధిక శరీరశ్రమ చేసే పురుషులలో ముందుగా మరణించే ప్రమాదం, తక్కువ శ్రమ చేసేవారికంటె 18 శాతం ఎక్కువగా ఉన్నది. ఇది ఎట్లు సంభవం? మెట్లెక్కడం, చురుకుగా నడవడం ఒక రకం శ్రమ. బరువులెత్తడం, ఒకేచోట గంటల తరబడి నిలబడడం, విశ్రాంతి లేకుండా మళ్ళీ మరునాడు అదే పని చేయడం మరొక రకం. వ్యాయామంలో భారం కొద్దికొద్దిగా పెరుగుతుంది. మధ్యలో విశ్రాంతి ఉంటుంది. శరీరం కోలుకుని మునుపటికంటె గట్టిపడుతుంది. డ్యూటీలో భారం ఎంతో, ఎప్పుడో నిర్ణయించేది మన శరీరం కాదు, రోస్టరు. ఆర్.ఎం.ఎస్.లో రాత్రంతా సార్టింగ్ కేసు ముందు నిలబడిన ఉద్యోగి కాళ్ళు అలసిపోతాయి గాని బలపడవు. ఇంజను క్యాబులో గంటల కొలది కూర్చున్న లోకో పైలట్ ఒక్కసారిగా నిటారు మెట్లు దిగి కంకరమీద కాలు పెట్టాలి. ఆ కాలికి ఆ క్షణంలో కావలసిన నిలకడను క్యాబులోని కుర్చీ నేర్పదు. పని వేరు, శిక్షణ వేరు. ఈ తేడాను మరుగుపరచడం యాజమాన్యానికి లాభసాటి గనుకనే మరుగుపరుస్తున్నది.

రెండవ సమాధానం మరింత ప్రమాదకరమైనది. ఎందుకంటే దానిని మన ఇళ్ళలో మనవాళ్ళే చెబుతారు. “వయసు మీద పడింది, ఇక అంతే.” ఈ మాట వేదాంతంలా వినిపిస్తుంది గాని, నిజానికి చికిత్స నిరాకరణ. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక వృద్ధ సంరక్షణాలయంలో 72 నుండి 98 ఏళ్ళ వయస్సున్న నూరుమందిని తీసుకుని, కొందరికి పది వారాలపాటు కాళ్ళకు బరువులతో శిక్షణ ఇచ్చారు. ఫలితాలు 1994లో వెలువడ్డాయి. శిక్షణ పొందినవారి కండరబలం రెట్టింపును మించి పెరిగింది. నడక వేగం, మెట్లెక్కే సత్తువ పెరిగాయి. తొంభై ఏళ్ళవాడి తొడ కండరం శిక్షణకు లొంగుతున్నప్పుడు, నిన్న మొన్న పదవీ విరమణ చేసిన మన గార్డుగారి కండరం లొంగదా?

దీనికి విపర్యయంగా మరొక పరిశోధన ఉన్నది. 2007లో అమెరికాలోనే ఆరోగ్యవంతులైన కొద్దిమంది వృద్ధులను పది రోజులపాటు పూర్తిగా మంచంమీద ఉంచి చూశారు. పది రోజులకే వారి మోకాలిని చాచే కండరాల బలం దాదాపు 16 శాతం తగ్గిపోయింది. మన డిస్పెన్సరీలలో డాక్టర్లు చీటీమీద రెండు ముక్కలు గీకి ఇచ్చే “బెడ్ రెస్ట్” ఎంత ఖరీదైన మందో దీనివలన తెలుస్తున్నది. విశ్రాంతి కావలసిన జబ్బులు లేవని కాదు. విశ్రాంతి తరువాత ఆ బలాన్ని తిరిగి ఎవరు తెచ్చిపెడతారన్నదే మా ప్రశ్న.

“నడవండి, అదే చాలు” అనే సలహా కూడా తరచు వింటున్నాము. నడక మంచిదే, గుండెకు, చక్కెర జబ్బుకు, మనస్సుకు మంచిది. కాని పడిపోకుండా కాపాడుకోవడానికి నడక ఒక్కటే చాలదు. 108 పరిశోధనలను, 23,000 మందికి పైగా వృద్ధులను లెక్కలోకి తీసుకున్న కాక్రేన్ సమీక్ష 2019లో వెలువడింది. వ్యాయామం వలన పడిపోయే సందర్భాలు 23 శాతం తగ్గినట్లు అందులో తేలింది. ఫలితం గట్టిగా కనబడినది నిలకడను సాధన చేయించే వ్యాయామాలలో, లేవడం, కూర్చోవడం, మెట్లెక్కడం వంటి నిత్యకృత్యాల సాధనలో. నడక మాత్రమే చేయించిన కార్యక్రమాల ఫలితం స్పష్టంగా తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం తన 2020 మార్గదర్శకాలలో, 65 దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు నిలకడకు, కండరబలానికి సంబంధించిన సాధన చేయాలని చెప్పింది.

ఇంతకూ ఈ శిక్షణకు కావలసిన సామగ్రి ఏమిటి? కదలని ఒక కుర్చీ, ఒక గోడ, ఒక మెట్టు, చీలమండకు కట్టుకునే ఇసుక సంచి. కుర్చీలోనుండి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. మొదట అయిదుసార్లు, పై వారం ఎనిమిది, ఆపైన పన్నెండు. గోడ పట్టుకుని మడమలెత్తి మునికాళ్ళమీద నిలవడం, క్రమంగా గోడను వదలడం. ఒక పాదం ముందు మరొక పాదం ఆనించి నిలబడడం. మెట్టు ఎక్కి దిగడం. చివరికి నేలమీద పడుకున్నవాడు పక్కకు ఒత్తిగిల్లి, మోకాళ్ళమీదికి వచ్చి, పీట ఊతంతో లేవడం. ఇది అన్నింటికంటె ముఖ్యం. పడినవాడు లేవలేక గంటల తరబడి స్నానాలగదిలో పడి ఉండడం, పడడంకంటె ఘోరం. చిన్ననాడు పంతులుగారు శిక్షగా తీయించిన గుంజీళ్ళు ఇంత గొప్పవని మనకు ఎవరూ చెప్పలేదు. తాలీంఖానాలకు, కోడి రామమూర్తిగారి వంటి మల్లులకు పేరుపొందిన నేల మనది; అందువలననే కాబోలు వ్యాయామమంటే ఏనుగును ఆపడమని మనవారి ఊహలో స్థిరపడిపోయింది.

న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంవారు 1990లలో రూపొందించిన శిక్షణ ఇటువంటిదే. అరగంట చొప్పున వారానికి మూడుసార్లు సాధన, దానికి తోడు నడక. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు సైతం ఇంటికి వెళ్ళి నేర్పి మంచి ఫలితాలు సాధించారు. అనగా ప్రతి ఆరోగ్య కేంద్రానికీ పెద్ద డాక్టరు కావాలన్న సాకు ఇక్కడ చెల్లదు. ఫిజియోథెరపిస్టు ముందుగా పరిశీలించి, ఎవరికి ఏది తగునో నిర్ణయించాలి. ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం, కొత్తగా విరిగిన ఎముక ఉన్నవారికి డాక్టరు అనుమతి తప్పనిసరి. కంటిలో శుక్లాలు, నిద్రమాత్రలు, లేవగానే పడిపోయే రక్తపోటు కూడా మనిషిని పడేస్తాయి గనుక వాటినీ చూడాలి. వ్యాయామం సర్వరోగ నివారిణి అని మేము బజారు మందులవాడివలె చెప్పబోము.

మరి మనకు ఉన్నదేమిటి? పెద్ద రైల్వే ఆసుపత్రులలో ఫిజియోథెరపీ విభాగం ఉన్నది. ఎముక విరిగిన తరువాత, ఆపరేషను అయిన తరువాత అక్కడికి పంపుతారు. లైనుమీది చిన్న ఆరోగ్య కేంద్రంలో ఆ మాటే వినిపించదు. రిటైరైన తపాలా ఉద్యోగి సి.జి.హెచ్.ఎస్. కేంద్రం లేని ఊళ్ళో స్థిరపడితే, 2017 జూలై నుండి 1000 రూపాయలుగా నిర్ణయించిన నెలసరి వైద్యభత్యమే అతనికి దిక్కు; అందులో మాత్రలు కొనాలో, శిక్షకుణ్ణి పెట్టుకోవాలో ఏలినవారే సెలవియ్యాలి. 65 ఏళ్ళవరకు సైకిలు తొక్కి ఉత్తరాలు పంచే గ్రామీణ డాక్ సేవకునికి ఆ వెయ్యి కూడా లేదు. ఇక కుటుంబ పెన్షనుమీద బ్రతుకుతున్న వితంతువుల సంగతి అడిగేవారే లేరు. ఎముకలు గుల్లబారేది ఎక్కువగా స్త్రీలకే.

రైల్వేలో శిక్షకులు లేరని, మైదానాలు లేవని అందామంటే అదీ కాదు. దేశంలో క్రీడాకారులకు అత్యధికంగా ఉద్యోగాలిచ్చిన సంస్థలలో రైల్వే ఒకటి. పి.టి. ఉష దక్షిణ రైల్వేలో ఉద్యోగం చేసినవారే. మహేంద్రసింగ్ ధోనీ ఖరగ్‌పూర్‌లో టికెట్లు తనిఖీ చేసినవాడు. వారి ఖ్యాతి మన సంస్థ ఖ్యాతి; సంతోషమే. అదే ఖరగ్‌పూర్ కాలనీలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కార్మిక కుటుంబాలున్నాయి. పతకం తెచ్చే కాలికి కోచ్ ఉన్నాడు, మసాజ్ చేసేవాడున్నాడు, ఆహార నిపుణుడున్నాడు. పట్టాలు పరిచిన కాలికి ఏమున్నది? బామ్ సీసా ఉన్నది.

ఆ మధ్య ఒక జంక్షన్ పట్టణంలో పెన్షనర్ల సమావేశానికి వెళ్ళాము. హాలు మొదటి అంతస్తులో ఉన్నది. సభ ప్రారంభమైన తరువాత కింద చెట్టునీడన పదిహేను మంది కూర్చుని ఉన్నారని తెలిసి దిగివచ్చాము. వారు అలిగినవారు కారు, మెట్లెక్కలేనివారు. 1974 మే నెల సమ్మెలో ఉద్యోగాలు పోగొట్టుకుని, జైళ్ళకు వెళ్ళి, తిరిగి సాధించుకున్నవారు వారిలో ఉన్నారు. తమ సంఘం సమావేశానికి తామే హాజరు కాలేని స్థితిలో వారుండడం మాకు కలత కలిగించింది. సభను కిందికే మార్చాము. డి.ఏ. బకాయిలపై తీర్మానాలు ఆమోదించాము. ఆ పదిహేను మంది విషయంలో ఏ తీర్మానమూ పెట్టడానికి ఎజెండాలో అంశం లేదు. ఈ వ్యాసం ఆ అంశాన్ని చేర్చడానికే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ డిమాండు వెనుక పొంచి ఉన్న ప్రమాదాన్ని మేము ఎరుగుదుము. రేపు యాజమాన్యం “సరే, పరీక్షిద్దాం” అని అరనిమిషంలో ఎన్నిసార్లు కుర్చీలోనుండి లేవగలవో లెక్కపెట్టి, తక్కువ వచ్చినవాడిని మెడికల్ డీకేటగరైజేషన్‌కు పంపవచ్చు. ముందస్తు విరమణ సమీక్షలో ఆ కాగితాన్ని వాడవచ్చు. సర్వీసులో ఉండగా అంగవైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను చెబుతున్నా, చట్టాన్ని చుట్టుదారిలో దాటగల నేర్పు కార్యాలయాలకు కొత్త కాదు. అందువలన ఈ పరీక్షల ఫలితాలు ఉద్యోగికి, శిక్షకునికి మధ్యనే ఉండాలి. సర్వీసు రికార్డులోకి పోరాదు. ఇది రాతపూర్వకంగా రానిదే ఏ శాఖా అంగీకరించరాదు.

అట్లే, యార్డులో దీపాలు వెలగక, ట్రాక్ ప్రక్కన నడవడానికి సరైన దారి లేక, నలుగురు చేయవలసిన పని ఇద్దరు చేస్తూ ఒకడు పడితే, “అతనికి నిలకడ లేదు, వ్యాయామం చేయలేదు” అని విచారణ నివేదిక వ్రాయడానికి మేము ఈ ఆయుధం అందించడం లేదు. దీపం వెలిగించాలి, దారి వేయాలి, ఖాళీలు నింపాలి. ఆ పైన శిక్షణ. ఒకదానికి బదులు మరొకటి కాదు.

ఖర్చు అనే అభ్యంతరాన్ని మేము ఎక్కువ చర్చించము. తుంటి ఎముక విరిగిన ఒక పెన్షనరును బయటి ఆసుపత్రికి రిఫర్ చేస్తే అయ్యే బిల్లులు యాజమాన్యం దగ్గరే ఉన్నాయి. వాటిని ఒక ఫిజియోథెరపిస్టు జీతం ప్రక్కన పెట్టి చూసుకోమని కోరుతున్నాము. “రిటైరైనవారు మా బాధ్యత కాదు” అన్న వాదానికి జవాబు సుప్రీంకోర్టే 1982 డిసెంబరు 17న నకారా కేసులో ఇచ్చింది. పెన్షను యజమాని దయతో విదిల్చేది కాదని, చేసిన సేవకు ప్రతిఫలమని ఆ తీర్పు తేల్చింది. నిలువ వేతనాన్ని చేతికిచ్చి, దానిని తీసుకోవడానికి బ్యాంకు మెట్లెక్కలేని శరీరాన్ని మిగిల్చితే ఆ సేవ లెక్క తేలినట్లు కాదు.

సర్వీసులో ఉన్నవారికి ఈ శిక్షణ డ్యూటీ వేళలలోనే జరగాలి. పన్నెండు గంటలు పనిచేసి వచ్చినవానిని “ఇంటి దగ్గర చేసుకో” అనడం పరిహాసం. భద్రతా శిక్షణకు పనివేళలు కేటాయిస్తున్నప్పుడు, ఇదీ భద్రతా శిక్షణే. రిటైరైనవారికి, కుటుంబ పెన్షనుదారులకు ప్రతి కాలనీలోని రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలును వారానికి మూడు ఉదయాలు తెరిపించాలి. బిలియర్డ్స్ బల్ల ఒక మూలకు జరిపితే స్థలం సరిపోతుంది. తపాలా కార్యాలయాల రిక్రియేషన్ గదులు మూతపడి దుమ్ము కొట్టుకుంటున్నాయి; వాటిని వాడాలి. గ్రామీణ డాక్ సేవకులను మినహాయించే ఏ పథకాన్నీ మేము పథకంగా గుర్తించము.

రైల్వే శాఖలు ఈ అంశాన్ని తమ తదుపరి పి.ఎన్.ఎం. సమావేశపు ఎజెండాలోను, తపాలా శాఖలు జె.సి.ఎం. ప్రాంతీయ సమావేశంలోను చేర్చవలెను. శాఖా కార్యదర్శులు తమ పరిధిలో ఏ హాలు అందుబాటులో ఉన్నదో, దగ్గరలో ఫిజియోథెరపిస్టు ఉన్నారో లేదో, గత ఏడాది పడిపోయి ఆసుపత్రి పాలైన సభ్యులు, పెన్షనర్లు ఎందరో పేర్లు లేకుండా అంకెలు మాత్రం వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపవలెను. సమావేశాలను మేడమీది హాళ్ళలో ఏర్పాటు చేయడం తక్షణమే మానవలెను.